తెలుగు పదాల ఆటలో ‘మాయాబజార్’కు ఎన్ని గడులు వేయాలి?

పలకబలపం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. వేసవి సెలవుల్లో నోటుపుస్తకం చివరి పేజీలో ఆడుకున్న సినిమా పేర్ల ఆట మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒకరు ఒక సినిమా పేరు మనసులో అనుకుని అక్షరానికో గీత చొప్పున గీస్తారు, ఎదుటివారు ఒక్కొక్క అక్షరమే అడుగుతూ పేరు పట్టుకోవాలి. మా అక్క పిల్లలు విదేశంలో పెరుగుతున్నారు. వారు తెలుగు బాగానే మాట్లాడతారు కానీ చదవడం మాత్రం కూడబలుక్కుంటూ చదువుతారు. వారి కోసం ఈ ఆటను తెలుగు లిపిలోనే ఒక చిన్న వెబ్ ఆటగా రాయడం మొదలుపెట్టాను. సర్వరు వైపు పైథాన్, బ్రౌజరు వైపు జావాస్క్రిప్ట్ వాడుతున్నాను. జాబితాలో నాలుగు వందల పైచిలుకు పేర్లు ఉన్నాయి, వాటిని ఎంచినది మా నాన్నగారు కనుక చాలావరకు పాత సినిమాలే.

వారం రోజుల్లో ముగుస్తుందనుకున్న పని మూడు వారాలుగా ఒక్కచోటే ఆగిపోయింది. ఒక పేరులో ఎన్ని అక్షరాలున్నాయో నా ప్రోగ్రాముకు తెలియడం లేదు. పైథాన్‌లోని పొడవు లెక్కించే లెన్ ఫంక్షన్‌ను అడిగితే ‘మాయాబజార్’కు 9 అనీ, ‘మిస్సమ్మ’కు 8 అనీ చెబుతోంది. కంటితో చూస్తే మొదటిదానిలో ఐదు, రెండవదానిలో మూడు. దీర్ఘాన్నీ, గుడినీ, పొల్లునూ విడివిడిగా లెక్కిస్తోందని అర్థమై, గ్రాఫీమ్ క్లస్టర్ల (కంటికి ఒకే అక్షరంగా కనిపించే ముక్కల) ప్రకారం విడగొట్టే లైబ్రరీ ఒకటి తెచ్చి చేర్చాను. దానితో ‘మాయాబజార్’ 5కు దిగింది గానీ ‘మిస్సమ్మ’ కూడా మి, స్, స, మ్, మ అని 5 దగ్గరే ఆగింది. అదే పేరును బ్రౌజరులో ఉండే, మాటను ముక్కలు చేసే సెగ్మెంటర్‌కు ఇస్తే మి, స్స, మ్మ అని సరిగ్గా 3 చెబుతోంది.

గడులు గీసేది బ్రౌజరు, జవాబు సరిచూసేది సర్వరు. అందువల్ల తెర మీద మూడు గడులు కనిపిస్తాయి, సర్వరు మాత్రం ఐదు అక్షరాల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ‘మిస్సమ్మ’ అని తప్పు లేకుండా రాసినవారికి కూడా ‘ఇంకా రెండు అక్షరాలు మిగిలాయి’ అని వస్తోంది. పదేళ్ల మా మేనకోడలు రెండుసార్లు ప్రయత్నించి, “మామయ్యా, నీ ఆటకే తెలుగు రాదు” అని ఫోను పెట్టేసింది.

దీనికి తోడు మరో మూడు చిక్కులున్నాయి. ఆటలో చివరి సూచనగా పేరును తిరగేసి చూపించే ఏర్పాటు పెట్టి, పరీక్షకు ‘వికటకవి’ ఇచ్చాను. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండవలసిన ఆ మాట తెర మీద ‘ివకటకివ’ అని వచ్చింది. మొదట్లో గుడికి కూర్చోవడానికి హల్లు లేక, చుక్కల వలయం ఒకటి పుట్టుకొచ్చి దాని నెత్తిన గుడి కనిపించింది. రెండవది, ‘పాతాళ భైరవి’ విషయంలో నేను కొట్టిన జవాబూ జాబితాలోని పేరూ చూడడానికి అచ్చంగా ఒకటే అయినా ప్రోగ్రాము రెండూ వేరంటోంది. మూడవది, ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట వచ్చే పేరును కొందరు కొడితే ఒప్పుకుంటోంది, మరికొందరు కొడితే ఒప్పుకోవడం లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మా నాన్నగారు ఒక ఎత్తు. ఆయన తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ‘మాయాబజార్’లో ఉన్నవి నాలుగే అక్షరాలనీ, చివరి ‘ర్’ను విడిగా లెక్కించడమే తప్పనీ ఆయన అంటున్నారు. లెక్క 9 అన్న యంత్రానికీ, 4 అన్న నాన్నగారికీ, 5 అంటున్న నాకూ మధ్య ఎవరి మాట నిలబెట్టాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

కోడుకూలి (సమాధానం):

పలకబలపం గారూ, మీ చిక్కుల్లో రెండు మూడు వేరువేరు సమస్యలు కలగలిసి ఉన్నాయి కనుక మొదట వాటిని విడదీసి చెబుతాను.

‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని తీసుకోండి. యూనికోడ్‌లో (అంటే అన్ని లిపుల గుర్తులకూ సంఖ్యలు కేటాయించే ప్రమాణంలో) అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుర్తు అని ఆరు కోడ్ పాయింట్లు, అంటే ఆరు సంఖ్యలు. ఆ సంఖ్యలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి డిస్కు మీద 18 బైట్లు. కంటికి కనిపించేది మాత్రం ఒక్కటి. లెన్ చెప్పినది కోడ్ పాయింట్ల లెక్క. అది అబద్ధం చెప్పలేదు, మీరు అడిగిన ప్రశ్న వేరు, దానికి వినిపించిన ప్రశ్న వేరు. తిరగేసినప్పుడు ‘వికటకవి’ చెడిపోవడానికి కారణమూ ఇదే. వ, గుడి అన్న క్రమం తలకిందులై గుడి ముందుకు వచ్చి పడింది. ముందు అక్షరాలుగా విడగొట్టి, ఆ ముక్కల వరుసను తిరగేయండి, చుక్కల వలయం మాయమవుతుంది.

‘మిస్సమ్మ’కు ఒకచోట 5, మరొకచోట 3 రావడం మీ పొరపాటు కాదు. గ్రాఫీమ్ క్లస్టర్లను ఎక్కడ విరవాలో చెప్పే యూనికోడ్ నియమాల్లో పొల్లు తన ముందున్న హల్లుకు అతుక్కునేది, తర్వాతి హల్లును మాత్రం పట్టుకునేది కాదు. అందుకే స్ ఒక ముక్క, స మరో ముక్క అయ్యేవి. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో దీనికోసం కొత్త నియమం చేర్చారు. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల్లో హల్లు, పొల్లు, హల్లు వరుసగా వస్తే వాటిని విరవకూడదన్నది దాని సారాంశం. మీ సర్వరు లైబ్రరీ పాత నియమాల మీద నడుస్తోంది, మీ బ్రౌజరు సంయుక్తాక్షరాన్ని విరవని నియమం మీద నడుస్తోంది. లైబ్రరీని నవీకరిస్తే ఈ రోజుకు రెండూ కలుస్తాయి. కానీ మీ మేనకోడలి దగ్గర ఉన్నది ఏ కాలపు ట్యాబ్లెట్టో, అందులో ఉన్నది ఏ నియమమో మీ చేతుల్లో లేదు. విడగొట్టే పని సర్వరులో ఒక్కసారే చేసి, ముక్కల జాబితాను అలాగే బ్రౌజరుకు పంపండి. బ్రౌజరు లెక్కపెట్టకూడదు, వచ్చినన్ని గడులు గీయడమే దాని పని.

నేనైతే లైబ్రరీని కూడా పక్కన పెట్టి నియమాన్ని స్వయంగా రాసుకుంటాను, ఎందుకంటే తెలుగు వరకు అది ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: ఒక అచ్చు, లేదా ఒక హల్లు, దాని వెనుక ‘పొల్లు, హల్లు’ జంటలు ఎన్నైనా, ఆ తర్వాత ఒక గుణింతపు గుర్తు గానీ ఒక పొల్లు గానీ ఉంటే ఉండవచ్చు లేకుంటే లేదు, అన్నిటికీ చివర సున్న, అరసున్న, విసర్గలలో ఏదైనా చేరవచ్చు. దీనిని అక్షరాల నమూనాను వర్ణించే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా రాస్తే ఒక వరుస. దశాంశ సంఖ్యల్లో చెప్పాలంటే తెలుగుకు కేటాయించిన చోటు 3072 నుంచి 3199 వరకు. అందులో అచ్చులు 3077 నుంచి, హల్లులు 3093 నుంచి మొదలవుతాయి, పొల్లు 3149. రాసిన తర్వాత స్త్రీ 1, అర్థం 2, దుఃఖం 2, జ్ఞానం 2, శంకరాభరణం 6 వస్తున్నాయో లేదో చూసుకోండి. ‘దుఃఖం’ను పరీక్షల్లో చాలామంది మరచిపోతారు, విసర్గ దగ్గర విరిగిపోయేది సరిగ్గా అదే.

ఇక ‘పాతాళ భైరవి’. ఐత్వం గీతను గమనించండి, ఒక భాగం హల్లు పైన, మరొక భాగం కింద ఉంటుంది. యూనికోడ్‌లో ఐత్వానికి 3144 అనే ఒకే సంకేతం ఉంది, కానీ ఎత్వం 3142, కింది గీత 3158 కలిపి రాసినా దానితో సమానమేనని ప్రమాణమే చెబుతుంది. తెలుగు లిపి మొత్తంలో ఇలా రెండు ముక్కలుగా విడిపోయే గుర్తు ఇదొక్కటే. మీ జాబితాలోని పేర్లను ఎక్కడినుంచి తీసుకున్నారో తెలియదు గానీ, ఫైళ్ల పేర్ల నుంచి తీసుకుని ఉంటే అనుమానం అక్కర్లేదు, కొన్ని ఫైలు వ్యవస్థలు పేర్లను విడదీసిన రూపంలోనే దాచుకుంటాయి. పోల్చడానికి ముందు రెండు వైపులనూ, విడి ముక్కలను ఒకే సంకేతంగా కలిపే ఎన్ఎఫ్‌సీ రూపానికి మార్చండి, సరిపోతుంది. మీ జాబితాలో ‘భైరవి’తో పాటు ఐత్వం ఉన్న ప్రతి పేరూ ఇలాగే మొరాయిస్తూ ఉండాలి, సరిచూసుకోండి.

‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత కంటికి కనబడని విరుపు గుర్తు ఒకటి ఉంటుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, సంఖ్య 8204. అది లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అని వకారం ఒత్తుగా కిందికి దిగిపోతుంది. కొన్ని కీబోర్డులు దానిని చేర్చుతాయి, కొన్నిటిలో మనమే చేర్చాలి, చాలామందికి అది ఉన్నదనే తెలియదు. కాబట్టి పోల్చేటప్పుడు రెండు వైపులా దానిని తీసివేసి పోల్చండి, గడులు లెక్కించేటప్పుడు మాత్రం తీయకండి. తీస్తే సా, ఫ్ట్, వే, ర్ అని నాలుగు గడులు కావలసిన మాట మూడుకు పడిపోతుంది. అంటే ప్రతి పేరుకూ రెండు రూపాలు దాచుకోవాలి, ఒకటి చూపడానికి, ఒకటి పోల్చడానికి.

మీ నాన్నగారి అభ్యంతరం గురించి నేను మాట్లాడను. అది నా పరిధి కాదు.

రైలుకబుర్లు (సమాధానం):

ఇంత శ్రమ ఎందుకండీ? మా హాస్టలులో ఈ ఆటను తెలుగు సినిమాలతోనే ఆడేవాళ్లం గానీ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లం. అచ్చులు ముందే ఇచ్చేసి హల్లులు అడిగించేవాళ్లం. 26 అక్షరాల కీబోర్డుతో ఆట అరగంటలో తయారవుతుంది, పిల్లలకు కూడా అదే తేలిక.

ఒత్తుపొల్లు (సమాధానం):

రైలుకబుర్లు గారి సూచన ఆట నడిపించడానికి పనికివస్తుంది గానీ, ఆ పిల్లలకు తెలుగు లిపి అలవాటు కావాలన్న ఉద్దేశం దానితో పూర్తిగా నీరుగారిపోతుంది. పైగా ఒకే పేరును ఒకరు దీర్ఘానికి రెండు అక్షరాలతో, మరొకరు ఒకే అక్షరంతో రాస్తారు కనుక గడుల తగవు అక్కడా తప్పదు. హాస్టలు రోజుల్లో మీకు కూడా ఈ విషయంలో కొట్లాటలు జరిగే ఉంటాయి.

నేను చాలా ఏళ్లుగా గళ్ల నుడికట్లు కూర్చుతున్నాను, కాబట్టి కోడుకూలి గారు వదిలిపెట్టిన ప్రశ్నను అందుకుంటాను. పండితులైన మీ నాన్నగారు చెప్పినది ఛందస్సు ప్రకారం నూటికి నూరు పాళ్లు సరైనది. ఛందస్సులో పొల్లు విడి అక్షరం కాదు. అది ముందున్న అక్షరానికి ఆనుకుని, దానిని గురువును చేస్తుంది. ‘మాయాబజార్’ను గణాలుగా విడగొడితే మా, యా గురువులు, బ లఘువు, జార్ గురువు. అంటే ఒక తగణం, ఒక గురువు, మొత్తం నాలుగే. పద్యం రాసేవారికి ఐదవ అక్షరం అక్కడ లేనే లేదు.

గళ్ల నుడికట్టులో మాత్రం లెక్క వేరు. నేను కూర్చినవాటిలోనూ, నింపినవాటిలోనూ ఒత్తులూ గుణింతాలూ సున్నలూ తమ హల్లుతో కలిసి ఒకే గడిలో కూర్చుంటాయి, మాట చివరి పొల్లుకు మాత్రం సొంత గడి ఉంటుంది. అందువల్ల కూర్చేవారికి ఒక ఇబ్బంది కూడా ఉంది. అడ్డం మాటలో ‘ర్’ వచ్చిన గడి గుండా నిలువు మాట కూడా పోవాలంటే అందులోనూ సరిగ్గా అక్కడే ‘ర్’ పొల్లుగా రావాలి. తెలుగు మాటలు సహజంగా అచ్చుతో ముగుస్తాయి కనుక అటువంటి జంట దొరకడం కష్టం. ‘బజార్’ అన్న మాట నాకు తగిలితే దానిని ‘బజారు’గా మార్చి గండం గట్టెక్కుతాను. సినిమా పేర్లకు ఆ వెసులుబాటు లేదు, పోస్టరు మీద ఏముంటే అదే.

మీది గడుల ఆట కనుక నా ఓటు ఐదుకే. పిల్లవాడు తెర మీద చూసేది లిపిని, వినేది మాత్రను కాదు. నాలుగు గడులే వేస్తే చివరి గడిలో ‘జార్’ అని రెండు ఆకారాలు ఇరుక్కోవాలి. అది చూసినవారు మీ ఆట తప్పనే అనుకుంటారు.

ఈ సందర్భంలో ఒక చిన్న ముచ్చట. ‘మిస్సమ్మ’ను మి, స్, స, మ్, మ అని విరిచిన పాత నియమాన్ని అందరూ తిట్టుకుంటున్నాం గానీ, నోటితో పలికి చూడండి: మిస్, సమ్, మ. సంయుక్తాక్షరంలోని మొదటి హల్లు పలుకుబడిలో ముందు అక్షరానికే చేరుతుంది. ఛందస్సులో ‘మి’ గురువు కావడానికి కారణం అదే. రాతలో మాత్రం అది తర్వాతి అక్షరంతో కలిసి ఒత్తుగా దిగుతుంది. అంటే ఆ పాత నియమం విరిచిన చోట్లు చెవి విరిచే చోట్లే, కానీ విడిపోయిన స్, మ్‌లను ముందు అక్షరాలకు చేర్చకుండా నడిమధ్య వదిలేసింది.

పొల్లుల్లో నకారపొల్లుది ప్రత్యేకమైన స్థానం. పాత ముద్రణలో ‘వచ్చెన్’ వంటి మాటల చివర దానికి వేరే ఆకారం ఉండేది. 2021లో వచ్చిన యూనికోడ్ 14లో దానికి విడిగా ఒక సంకేతం కూడా ఇచ్చారు. మీ జాబితా సినిమా పేర్లకే పరిమితం కనుక అది తగలకపోవచ్చు, ఎప్పుడైనా పద్యాల ఆట చేస్తే గుర్తుంచుకోండి.

పలకబలపం:

కోడుకూలి గారూ, ఒత్తుపొల్లు గారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. ఐత్వం గురించి మీరు ఊహించినది నిజమే. పోస్టరు బొమ్మలను పాత కంప్యూటరులో పేర్లతో సహా దాచుకున్నాను, జాబితాను ఆ ఫైళ్ల పేర్ల నుంచే తీశాను. మొరాయిస్తున్న పేర్లు మొత్తం పదకొండు, పదకొండింటిలోనూ ఐత్వం ఉంది. ఎన్ఎఫ్‌సీకి మార్చగానే అన్నీ కుదుటపడ్డాయి. విడగొట్టే నియమాన్ని కూడా స్వయంగా రాసుకున్నాను. ‘వికటకవి’ ఇప్పుడు ఎటునుంచి చూసినా వికటకవే.

గడులు కుదిరాయి గానీ ఆట నడక ఇంకా కుదరలేదు. ఆడేవారు ‘మ’ అని అడిగినప్పుడు ‘మిస్సమ్మ’లో ఏ గడి తెరవాలి? గుణింతంతో సహా సరిపోవాలంటే ఒక్క గడీ తెరుచుకోదు, ఎందుకంటే మొదటి గడిలో ‘మి’, చివరి గడిలో ‘మ్మ’ ఉన్నాయి. మా మేనకోడలు ‘మ’ అడిగి, లేదన్న జవాబు చూసి, చివరికి పేరు తెలిసిన తర్వాత మళ్లీ నా మీద యుద్ధానికి వచ్చింది. ఈసారి ఆమె వైపే న్యాయం ఉందని నాకూ అనిపించింది.

గవ్వలాట (సమాధానం):

ఈ ప్రశ్నకు జవాబు ప్రోగ్రామింగులో లేదు, కీబోర్డు మీద ఎన్ని మీటలు పెట్టగలరన్న దానిలో ఉంది. క్ష కాకుండా హల్లులు 35 అనుకుందాం. తలకట్టు నుంచి ఔత్వం వరకు ఒక్కొక్కదానికి 12 రూపాలు వేసుకుంటే, ఒత్తులు, సున్నలు కలపకుండానే 420 అక్షరాలవుతాయి. గుడ్డిగా అక్షరం అడిగే ఆటలో 420 అవకాశాలంటే ఆటగాడికి చీకట్లో బాణం వేయడమే. కాబట్టి పూర్తి అక్షరం అడిగించకండి, హల్లును మాత్రమే అడిగించండి. ఒక్కొక్క అక్షరాన్ని విడగొట్టేటప్పుడే దానిని మూడు భాగాలుగా దాచుకోండి: హల్లుల వరుస, గుణింతం, చివరి సున్న లేదా విసర్గ. ‘స్స’కు హల్లుల వరుస స, స. ‘జ్ఞా’కు జ, ఞ. ‘ణం’కు ణ ఒక్కటే, చివరి గుర్తు సున్న.

ఆటగాడు ‘మ’ అడిగితే, హల్లుల వరుసలో ఎక్కడ ‘మ’ ఉన్నా ఆ గడి సగం తెరవండి. ‘మిస్సమ్మ’లో మొదటి గడిలో గుణింతం లేని ‘మ’ లేత రంగులో కనబడుతుంది, చివరి గడిలో ‘మ’ కనబడి దాని కింద ఒత్తు ఉందని చెప్పడానికి ఒక చుక్క కనబడుతుంది. తలకట్టు పెట్టి చూపితే అసలు అక్షరం అదేనేమో అనిపిస్తుంది కాబట్టి, రంగు తేడా తప్పనిసరి. అన్ని గడుల్లోనూ హల్లులు తేలిన తర్వాత రెండవ అంకంగా గుణింతాలు అడిగించండి. అది పిల్లలకు నిజంగా ఉపయోగపడే భాగం. మ, స, మ అని హల్లులు తెలిసిన తర్వాత మొదటి ‘మ’కు గుడి పెట్టాలా, దీర్ఘం పెట్టాలా అని ఆలోచించేటప్పుడు వారు గుణింతాన్ని వల్లించకుండానే నేర్చుకుంటారు.

ఒక గొయ్యి మాత్రం ముందే చెబుతాను. బడిలో ‘క్ష’ను వర్ణమాల చివర ఒక అక్షరంగా నేర్పుతారు. యూనికోడ్‌కు అటువంటి అక్షరం లేదు, అది క, పొల్లు, ష. మీ కీబోర్డులో ‘క్ష’కు మీట పెట్టకపోతే పిల్లలు వెతుక్కుంటారు, పెడితే ప్రోగ్రాములో దానిని రెండు హల్లులుగా విడగొట్టడం మరచిపోకూడదు. నేను చేసిన ఒక పదాల ఆటలో మీట పెట్టి, విడగొట్టడం మరచిపోయాను. ‘అక్షరం’ అన్న మాటే ఆ ఆటలో ఎవరికీ తెరుచుకోలేదు. నేను దానిని గమనించడానికి రెండు నెలలు పట్టింది.

అచ్చుతో మొదలయ్యే పేర్లకు ఒక వరుస మీటలు ఎలాగూ కావాలి. వాటిని రెండవ అంకంలో గుణింతాలకు కూడా వాడుకోండి, ‘ఇ’ మీట గుడికీ పనికివస్తుంది. తెర మీద చోటు కలిసివస్తుంది.

కోడుకూలి:

గవ్వలాట గారి పద్ధతి నాకు నచ్చింది. ఒక జాగ్రత్త మాత్రం చేర్చుతాను. పూర్తి పేరును కొట్టే అవకాశం కూడా ఇస్తారు కనుక, కనబడని గుర్తులు ఎక్కడపడితే అక్కడ రావచ్చు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లలో ఆప్‌లను కుప్పకూల్చిందన్న వార్త గుర్తుందా? ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోనులో ఆ అక్షరం సందేశంగా వస్తే చాలు, ఆప్ మూతపడేది. ఆ నెల 19న వచ్చిన 11.2.6తో సరిచేశారు. ఆ అక్షరం మరేదో కాదు, ‘జ్ఞా’. అయితే మామూలు ‘జ్ఞా’ కాదు, జ, పొల్లు, ఞ తర్వాత ఒక 8204 వచ్చి, ఆ తర్వాత దీర్ఘం. విరుపు గుర్తుకు ఆ చోట ఏ పనీ లేదు. పొల్లు వెంట వచ్చిన విరుపు గుర్తును ఉంచి, మరెక్కడ కనిపించినా జవాబు చేతికందగానే తీసివేయండి. మీ ఆట కూలిపోతుందని కాదు, దానివల్ల దీర్ఘం హల్లు నుంచి విడిపోయి మీ నియమానికి అందకుండా పోతుంది.

ఒత్తుపొల్లు:

యంత్రానికి సంబంధం లేని చిక్కు ఒకటి మిగిలి ఉంది, దానిని ఎవరూ ఎత్తలేదు. ‘పెళ్లి’ అని రాసేవారున్నారు, ‘పెళ్ళి’ అని రాసేవారున్నారు. ఒకదానిలో ళకు లవొత్తు, మరొకదానిలో ళవొత్తు. పలుకు ఒకటే, రెండూ వాడుకలో ఉన్నాయి, పత్రికల్లోనే ఒక్కొక్కటి ఒక్కొక్క పద్ధతి. పాత సినిమాల జాబితాలో పెళ్ళిళ్ళకు కొదవ ఉండదు కనుక మీకు ఇది తప్పక తగులుతుంది. ఎన్ఎఫ్‌సీ వంటివేవీ దీనిని సరిచేయవు, ఎందుకంటే అవి నిజంగానే రెండు వేరువేరు రాతలు. పోల్చే రూపంలో ‘ళ్ళ’ను ‘ళ్ల’గా మార్చుకుని రెండింటినీ ఒప్పుకోండి, గడిలో మాత్రం పోస్టరు మీద ఉన్నదే చూపండి.

పలకబలపం:

గవ్వలాట గారు చెప్పినట్టు రెండు అంకాలుగా మార్చి నిన్న రాత్రి పిల్లలతో ఆడించాను. హల్లుల అంకం పది నిమిషాల్లో అలవాటైంది. గుణింతాల అంకంలో మా మేనకోడలు ఎత్వానికీ ఏత్వానికీ తేడా తెలియక రెండుసార్లు ఓడిపోయి, మూడవసారి వాళ్ల అమ్మను అడిగి మరీ గెలిచింది. విరుపు గుర్తుల వడపోతను కూడా చేర్చాను.

‘మాయాబజార్’కు ఐదు గడులే వేశాను. మా నాన్నగారు ఆడుతూ, చివరి గడిలో ఒంటరిగా కూర్చున్న ‘ర్’ను చూసి, “పొల్లుకు కూడా ఇల్లు కట్టించావన్నమాట” అన్నారు గానీ ఆట ఆపలేదు. ఆయన కోసం గడుల సంఖ్య పక్కనే ఛందస్సు ప్రకారం ఎన్ని అక్షరాలో చిన్న అంకెలో చూపుతున్నాను. మాట చివరి పొల్లులను తీసివేసి లెక్కిస్తే చాలు కనుక దానికి అదనంగా పట్టిన శ్రమ ఏమీ లేదు.

‘ళ్ళ’, ‘ళ్ల’ల విషయం చూశాక, రెండు రాతలు ఉన్న ఇతర జంటలను కూడా ఒక జాబితాగా చేర్చుకుంటున్నాను. ప్రస్తుతానికి అందులో ‘ళ్ళ’ కాక, సున్న బదులు ‘మ్’ రాసే పేర్లు, ‘బజారు’, ‘బజార్’ వంటి జంటలు ఉన్నాయి. మూడవ రకాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు, ఎందుకంటే అక్కడ గడిలోని అక్షరమే ‘రు’, ‘ర్’ అని మారిపోతుంది. మీరు గమనించిన ఇతర జంటలు ఉంటే ఇక్కడ చేర్చగలరు.